ఈశాన్యంలో గాజులవ్వ

మీ ఊరి నడిబజారులో పొద్దంతా కూర్చుని కూరగాయలమ్మే ఆడమనిషి ఒంటికి పోవాలంటే ఎక్కడికి పోతుందో మీకు తెలుసా?

తెలుసని తొందరపడి తలాడించకండి. బస్టాండు ఉంది కదా అంటారు. బస్టాండు అక్కడికి ఎంత దూరమో, తట్టను ఎవరికి అప్పజెప్పి పోవాలో, పోయి వచ్చేలోగా ఆమె జాగాలో ఎవరు కూర్చుంటారో కూడా చెప్పండి. మీ ఊళ్లో గుడులెన్నో, మసీదులెన్నో, విగ్రహాలు ఎవరెవరివో వేళ్ళమీద చెప్పగలరు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆలోచించాలి. మా జనగామ పాత అంగడిలో ఈ ప్రశ్న వేసిన మనిషి ఈమధ్యనే చనిపోయింది. ఆ సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. ఒక తాళంకప్ప చెప్పింది.

మహబూబాబాద్‌లో ఒక సభలో మాట్లాడి రైల్లో తిరిగి వస్తున్నాను. సభ విషయం మూఢనమ్మకాల నిర్మూలన. మంచి గడియ చూసి మొదలుపెట్టారు కాబట్టి ఆలస్యమైంది. రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు జనగామలో దిగి పాత అంగడి మీదుగా నడిచాను. రేకుల షెడ్డు కింద గాజులవ్వ కూర్చునే చోట ఖాళీ గోనెసంచి పరిచి ఉంది. ఆ సంచి మీద ఇంకెవరూ కూర్చోలేదు. తల తిప్పి చూస్తే, మూలనున్న ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. అంగడి నడుస్తుండగా ఆ తలుపుకు తాళం పడిందంటే గాజులవ్వ లేదని అర్థం. ఊరికి పోయిందని కాదు. ఊరికి పోతే తాళంచెవి ఎవరికో ఒకరికి ఇచ్చి పోయేది.

ఆకుకూరలమ్మే దేవ్లి నేను అడగకముందే చెప్పింది.

"పోయిన నెలనే పోయింది సారూ. జరమొచ్చిందని దవాఖానకు తీస్కపోయిన్రు. మళ్ళ రాలే."

దేవ్లి పక్కన నీళ్ళసీసా ఉంది. మధ్యాహ్నం దాటింది, ఎండ మండుతోంది, సీసా మూత కూడా తీయలేదు. ఆ సీసా దగ్గరికి మళ్ళీ వస్తాను.

గాజులవ్వకు పేరు లేదని కాదు. ఆధార్ కార్డులో ఉండే ఉంటుంది. హిందువుల ఇళ్ళలో గాజులవ్వ అన్నారు, ముస్లింల ఇళ్ళలో చూడీవాలీ ఖాలా అన్నారు. ఆమె రెండింటికీ పలికింది. భర్త భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడనీ, ఆయన పోయాక గాజుల పెట్టెతో ఇక్కడికి వచ్చిందనీ తప్ప ఆమె జీవితచరిత్ర నాకు తెలియదు. తెలుసుకుందామని ఒకసారి అడిగితే, "నా కత నీకెందుకు సారూ, గాజులు కావాల్నా?" అన్నది.

నాకు తెలిసినవి ఆమె చేతులు. ఆమె గాజులు అమ్మేది కాదు, తొడిగేది. కొనుక్కుపోయి ఇంట్లో వేసుకుంటామంటే ఇచ్చేది కాదు. "గాజంటే సబ్బుబిళ్ళనా, పొట్లం కట్టిచ్చెటందుకు?" అనేది. ఎదురుగా కూర్చోబెట్టి, చెయ్యి అందుకుని, బొటనవేలి కింద కండను నొక్కి, అయిదు వేళ్ళనూ మొగ్గలా దగ్గరికి ముడిచి, గాజును కణుపుల దాకా తెచ్చి అక్కడ ఆపేది. గాజు కణుపుల మీద ఉన్నప్పుడు మనిషి ఎటూ కదలలేదు. గుంజితే గాజు చిట్లుతుంది, చెయ్యి తెగుతుంది. ఆ స్థితిలో గాజులవ్వ మాట్లాడేది. అత్తాకోడళ్ళ పంచాయితీలు, పిల్లల చదువులు, మొగుళ్ళ తాగుడు, అన్నీ ఆ కణుపుల దగ్గరే తేలేవి.

"పోయిన బతుకమ్మకు రెండు-ఆరు మంచిగ ఎక్కింది. ఇయ్యాల రెండు-నాలుగు జారుతున్నది. అన్నం తింటున్నవా, మొగని తిట్లు తింటున్నవా?"

విన్న మనిషి కొంచెం కదిలితే ఒకటే మాట. "చెయ్యి గుంజకు." అరిచేది కాదు. గాజు ఎక్కేదాకా, మాట అయ్యేదాకా వదిలేది కాదు. నేను పెద్ద పెద్ద వేదికల మీద మాట్లాడాను. శ్రోతలు లేచి పోవడానికి వీల్లేని ఏర్పాటు నాకు ఎన్నడూ దొరకలేదు.

ఇక మూఢనమ్మకాల విషయానికి వస్తే, ఆమెలో లేనిది లేదు. మెడలో తాయత్తు, శుక్రవారం దర్గాలో ఊదు, శనివారం గాజుల పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ, పీర్లకు మొక్కు, బోనాలనాడు ఎల్లమ్మ గుడి దిక్కు తిరిగి ఒక దండం. మతసామరస్యం మీద వ్యాసాలు రాసేవారికి ఆమె ముచ్చటగా కనిపించేది. నేను ఏ మతం మూఢత్వాన్నీ విమర్శించకుండా వదలనివాణ్ణి కాబట్టి నాకు పని రెట్టింపయింది. నన్ను "దేవుడు లేని సారు" అనేది. అందులో ఎగతాళి ఉండేది కాదు. ఇల్లు లేనివాళ్ళ గురించి చెప్పేటప్పుడు గొంతులో ఉండే జాలి ఉండేది.

ఊరి ఆడవాళ్ళ చేతులన్నీ నింపిన ఆ మనిషి చేతులు రెండూ బోసిగా ఉండేవి. నేను ఊరుకుంటానా? ఒకరోజు ఆమె ఎదురుగా కూర్చుని, భర్త పోయిన స్త్రీ గాజులు తీసేయాలన్న ఆచారం ఎంత అమానుషమో, అది ఎవరి మేలు కోసం పుట్టిందో, దాన్ని ధిక్కరించాల్సిన బాధ్యత ముఖ్యంగా ఆమె మీద ఎందుకు ఉందో వివరించాను. ఆమె గాజులు తుడుస్తూ విన్నది.

"అయిపోయిందా?"

"అయింది."

"మిఠాయి చేసెటోడు దుకాణంల కూసోని లడ్డూలు తింటడా సారూ?"

"ఇది వ్యాపారం సంగతి కాదవ్వా. నీ హక్కు సంగతి."

"హక్కు సంగతే అడుగుత, చెప్పు. పొద్దుగాల వచ్చి గీడ కూసుంట, పొద్దూకినంక లేస్త. నడుమ ఒంటికి ఎక్కడికి పోవాలె?"

నేను చుట్టూ చూశాను. షట్టర్లు ఉన్నాయి, కరెంటు స్తంభాలు ఉన్నాయి, గోడలు ఉన్నాయి. గోడల మీద ఇక్కడ మూత్రం పోయరాదని రాసి ఉంది. ఆ హెచ్చరిక కూడా మగవాళ్ళకే.

"నీకేంది, గోడ దొరుకుతది" అన్నది గాజులవ్వ. "భూపాలపల్లి క్వార్టర్లల మాకు బాత్రూం ఉండె సారూ. తలుపు, గొళ్ళెం, నల్లా. ఆయన బాయిల దిగుతుండె, నేను క్వార్టర్ల ఉంటుంటి. గీ ఊరికొచ్చినంక తెలిసింది, గది ఎంత సుఖమో."

స్త్రీవిముక్తి మీద నేను సేకరించిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. ఇంటికి పోయి వెతికాను. గొళ్ళెం ప్రస్తావన ఎక్కడా లేదు.

పాత అంగడి అప్పటికే సగం చచ్చిపోయింది. బైపాసు వచ్చి లారీలను తీసుకుపోయింది. కొత్త ఆఫీసులు ఊరి బయట లేచి జనాన్ని తీసుకుపోయాయి. పాలకుర్తి దిక్కు నుంచి వచ్చే ఆటోలు లోపలికి రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదే మనుషుల్ని దించేసి పోతున్నాయి. దించిన జనం అక్కడే కొనుక్కుని అక్కడే ఎక్కి పోతున్నారు. పాత అంగడిలో దింపిన షట్టర్ల ముందు కుక్కలు నిమ్మళంగా పడుకుంటున్నాయి. అప్పుడు వ్యాపారులూ ఊరిపెద్దలూ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూడవద్దు, మన అంగడిని మనమే బాగుచేసుకుందాం అన్నారు. మంచి మాట. నన్నూ పిలిచారు. స్టీలు సామాన్ల దుకాణం సావుకారి అధ్యక్షుడు.

అంగడి ఎందుకు చచ్చిందన్న విషయం మీద లోతుగా చర్చ జరిగింది. ఆర్చి లేకపోవడం వల్ల అని తేలింది. ఆర్చి కడితే, దానికి తోడు రంగుల ఫౌంటెను, గుండె బొమ్మ పక్కన ఊరిపేరు వెలిగే పెద్ద అక్షరాలు పెడితే జనం తిరిగి వస్తారని అందరూ ఒప్పుకున్నారు. ఫౌంటెనుకు నీళ్ళెక్కడివని ఒకాయన అడిగాడు. వానాకాలం చూసుకుందాం అన్నారు.

ఆ ఎండాకాలమే దేవ్లి పడిపోయింది. దేవ్లిది తరిగొప్పుల దగ్గర తండా. కోడికూతతో లేచి, ఆకుకూరలు కట్టలు కట్టి, మొదటి ఆటో ఎక్కి వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచి చుక్క నీళ్ళు తాగదు. తాగితే పోవాలి, పోవడానికి చోటు లేదు, కాబట్టి తాగదు. తర్కంలో దోషమేమీ లేదు. ఆమె మూత్రపిండాలు మాత్రం తర్కం చదువుకోలేదు. పాలకూర కట్టల మీదికే ఒరిగిపోయింది. దవాఖానలో డాక్టరు సీసాలు ఎక్కించి, నీళ్ళు బాగా తాగాలని చెప్పి పంపించాడు.

తర్వాతి కమిటీ మీటింగుకు గాజులవ్వ పిలవకుండానే వచ్చి, కుర్చీలు ఖాళీగా ఉన్నా కింద కూర్చుంది.

"నీళ్ళు తాగుమన్నడట డాక్టరు. తాగి ఎవలింటికి పోవాలె, ఆయనింటికా?"

సావుకారి తీర్మానాల పుస్తకం తిరగేశాడు.

"మీ ఆర్చి కిందికెళ్ళి లోపలికి ఆడది వస్తది, మంచిదే. ఎంతసేపుంటది? ఒంటికి వచ్చెదాంక ఉంటది. గంతే. మీ అంగడి గూడ గంతసేపే నడుస్తది."

అంగడి పతనం మీద ఆ కమిటీలో జరిగిన చర్చలన్నిటిలో పనికొచ్చిన మాట ఇదొక్కటే. మినిట్సులో ఎక్కలేదు. బట్టల దుకాణం ఆయనకు మాత్రం కోపం వచ్చింది.

"ఆర్చి తీర్మానం అయిపోయింది. ఎవరో వచ్చి అడిగితే మార్చుకుంటమా? మేమేమన్న గాజులు తొడుక్కున్నమా?"

గాజులవ్వ ఆయన మణికట్టు వైపు ఒకసారి చూసింది. "నీకు తొడుగుదామన్న నా తాన సైజు లేదు కొడుకా. కంపెనోడు ఇంక చెయ్యలే."

నవ్వులు అయ్యాక, సరే, ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. ఖాళీ జాగా ఒక్కటే ఉంది. షెడ్డు మూలన, నల్లా పైపుకు దగ్గరగా, మురుగు పారే మోరీ పక్కన. సావుకారి వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి మూల చూసి చెవులు మూసుకున్నాడు.

"ఈశాన్యంల బాత్రూమా? అంగడి నాశనమైతది."

"అయింది కదా" అన్నాను నేను.

"ఇంకా అయితది" అన్నాడు సిద్ధాంతి.

ఇక నేను లేచాను. భూమి గుండ్రంగా ఉందన్న దగ్గర మొదలుపెట్టాను. దిక్కులు మనిషి తన సౌకర్యం కోసం పెట్టుకున్న పేర్లని చెప్పాను. ఈ మూల షెడ్డుకు ఈశాన్యమైతే, దాని వెనక ఉన్న మందుల దుకాణానికి నైరుతి అవుతుందనీ, ఒకే గోడ ఒకరిని నాశనం చేస్తూ ఇంకొకరిని ఉద్ధరించడం ఎలా సాధ్యమనీ అడిగాను. మనిషి శరీరంలో మూత్రాశయాన్ని దేవుడు ఏ దిక్కు చూసి కట్టాడని కూడా అడిగాను. చప్పట్లు మోగాయి. సిద్ధాంతి కూడా కొట్టాడు. సావుకారి నా భుజం తట్టి "మస్తు మాట్లాడిన్రు సారూ" అని శాలువా కప్పాడు. విషయాన్ని వాయిదా వేశారు. మన సమాజంలో హేతువాదానికి దక్కే మర్యాదలు ఇవే. చప్పట్లు, శాలువా, వాయిదా.

గాజులవ్వ నాతోపాటు బయటికి వచ్చింది. "మంచిగనే చెప్పినవ్ సారూ. కని, నువ్వు చెప్తుంటే వాళ్ళ చేతులు ఖాళీగ ఉండె. గందుకే చప్పట్లు కొట్టిన్రు."

బతుకమ్మ పండుగ దగ్గరికి వచ్చింది. పెద్ద ఇళ్ళకు గాజులవ్వే పెట్టె పట్టుకుని పోయేది. ఆ యేడూ పోయింది. ముందుగా సావుకారి ఇంటికి పోయి, సావుకారమ్మ రెండు చేతుల పాత గాజులూ తీసి, కుడిచేతికి ఎర్రవీ పచ్చవీ నిండుగా తొడిగింది. ఎడమచెయ్యి చాపితే పెట్టె మూసింది.

"గీ చెయ్యి బాత్రూం కట్టినంక" అని లేచింది.

అట్లా కమిటీవాళ్ళ ఇల్లిల్లూ తిరిగింది. పొద్దుగూకే సరికి కమిటీ భార్యలందరికీ కుడిచేతులు నిండి ఉన్నాయి, ఎడమచేతులు బోసిగా ఉన్నాయి.

ఇది మీకు చిన్న సంగతిగా కనిపిస్తే, మీరు మన ఇళ్ళలో పెరగలేదన్నమాట. తొడిగినవి తీసేద్దామంటే, పండుగకు వేసుకున్న గాజులు ముత్తయిదువ తీయకూడదు. ఉంచుదామంటే రెండో చెయ్యి బోసి. బోసి చెయ్యి అంటే మొగుడి ఆయుష్షు మీదికి వచ్చే విషయం. ఇక్కడ మొగుడు అంటే కమిటీ సభ్యుడు.

"ఫ్యాన్సీ స్టోరుల కొనుక్కొని నువ్వే ఏసుకోరాదు?" అన్నాడట సావుకారి.

"సగంల ఆగిన చేతికి వేరేటోళ్ళు తొడుగుతె ఇంటాయనకు గండమట."

"ఎవరన్నరు?"

"గట్లనే అంటరు."

సావుకారి సిద్ధాంతికి ఫోన్ చేశాడు. గ్రంథాలు చూసి చెబుతానన్నాడు సిద్ధాంతి. చూశాడు. అలాంటిదొకటి ఉన్నట్టే ఉందని సాయంత్రం చెప్పాడు. ఆయన భార్య కూడా అప్పటికి ఎడమచెయ్యి కొంగు చాటున దాచుకుని తిరుగుతోంది.

ఇన్నేళ్ళ నా పరిశోధనలో ఈ ఆచారం నాకు తగల్లేదు. నోటు చేసుకుందామని గాజులవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, సగంలో ఆగిన చేతికి ఇంకొకరు తొడగకూడదన్న శాస్త్రం ఎక్కడిది? ఎప్పటి నుంచి ఉంది?"

"గా శాస్త్రమా? నేనే చెప్పిన. మొన్న పొద్దుగాల."

మూఢనమ్మకాలు ఎట్లా పుడతాయన్న విషయం మీద నేను చాలా చదివాను. పురిటి వాసన పోకముందే ఒకదాన్ని, తల్లితో సహా, చూడడం అదే మొదలు. నాకు కోపం వచ్చింది. ఏ గాజుల్ని అడ్డం పెట్టి మన సమాజం విధవల్ని హింసించిందో, అదే భయాన్ని నువ్వు ఆయుధంగా వాడుతున్నావన్నాను. ఆడవాళ్ళ అజ్ఞానం మీద కట్టిన గోడ నిలబడదన్నాను.

"నువ్వు నిజం మీద కట్టవోయినవ్ గద సారూ, నిలవడ్డదా?"

"వాయిదా పడ్డది" అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

"మరి జర ఆగు. ఇది ఎన్ని దినాలు నిలవడ్తదో చూద్దం."

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఈసారి సిద్ధాంతి ఎవరూ పిలవకుండానే వచ్చి, జాగాను మళ్ళీ పరిశీలించి, కొత్త సంగతి కనిపెట్టాడు. షెడ్డుకూ ఆ మూలకూ నడుమ మోరీ పారుతోంది. పారే జలం హద్దు అవుతుంది. కాబట్టి మోరీ అవతలి మూల అంగడిలోకే రాదు. అంగడిలోకి రానిది అంగడికి ఈశాన్యం ఎట్లా అవుతుంది? ఆ మోరీకి అంత గౌరవం దక్కడం అదే మొదలు, అదే చివర.

కట్టడం అంగడి జనమే కట్టారు. కూరగాయలమ్మేవాళ్ళు ఇటుకలు అందించారు, మేస్త్రీలు అటు పనికి పోతూ ఇటు గోడ లేపి పోయారు. ఆర్చి కోసం తెప్పించిన ఇనుపచువ్వలు పైకప్పులోకి పోయాయి. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి తలుపు బిగించారు. సావుకారమ్మ లోపలికి పోయి గొళ్ళెం పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. బయటికి వచ్చి, గాజులవ్వ ముందు కూర్చుని ఎడమచెయ్యి చాపింది.

కథ ఇక్కడ అయిపోతే సిద్ధాంతికి నా మీద గెలుపు. అయిపోలేదు.

"కట్టినం సరే, కడిగేటోళ్ళెవరు?" అన్నాడు బట్టల దుకాణం ఆయన. అనగానే అక్కడున్న అందరి చూపులూ ఒకే వాడ దిక్కు తిరిగాయి. మన ఊళ్ళలో ఆ కులం పేరు ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు. చూపు చాలు. నేను లేవబోయాను, కానీ గాజులవ్వ నాకంటే ముందు మాట్లాడింది.

"అటు చూడకున్రి. పోయేటోళ్ళే కడుగుతరు. వారానికొకలు, వంతు వెట్టుకుంటం. మొదటి వంతు నాది. రెండోది సావుకారమ్మది."

సావుకారి దిగ్గున లేచాడు. సావుకారమ్మ కూర్చునే ఉంది. రెండో వారం ఆమె కొంగు నడుముకు చెక్కి, రెండు చేతులా గాజులు గలగలమంటుండగా బకెట్టు మోస్తూ పోవడం పాత అంగడి మొత్తం చూసింది. వర్ణధర్మం మీద నేను చేసిన ఉపన్యాసాలు వరుసగా పేర్చినా ఆ బకెట్టు ఎత్తుకు రావు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. ఆడవాళ్ళు పాత అంగడిలో ఎక్కువసేపు ఉండడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్ళు చాయ్ తాగారు, చాయ్ దుకాణం వచ్చింది. చాయ్ దుకాణం ముందు ఆటోలు ఆగాయి. దేవ్లి తండా నుంచి ఇంకొందరు ఆకుకూరలతో వచ్చారు. దింపిన షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి, యజమానులు ఎవరి షట్టరుకు వాళ్ళు రంగులేసుకున్నారు. అంగడి మళ్ళీ ఎందుకు బతికిందని కమిటీ చర్చించి, రంగుల వల్ల అని తేల్చింది. ఆర్చి ఇప్పటికీ లేదు. జనం దారి తప్పకుండానే వస్తున్నారు.

అదంతా ఆ తలుపు తెరిచి ఉన్నన్ని రోజులు.

ఇప్పుడు ఆ తలుపుకు తాళం. దగ్గరికి పోయి చూశాను. తలుపుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. బయటి గొళ్ళేనికి గాజులు, గాలి కోసం పెట్టిన జాలీకి గాజులు, ఎర్రవీ పచ్చవీ గుత్తులు గుత్తులుగా కట్టి ఉన్నాయి. గడప ముందు కొబ్బరిచిప్పలు. గోడ మీద పెద్ద అక్షరాలు: "గాజులవ్వ స్మారకం. చెప్పులు విడువవలెను."

"కమిటోళ్ళు తాళమేసిన్రు సారూ" అన్నది దేవ్లి. "అవ్వ కట్టిచ్చిన జాగనట. గందుల ఒంటికి పోతె పాపమట. పటం వెడ్తరట, చుట్టూ గ్రానైటు పరుస్తరట."

"మరి మీరు?"

ఆమె నీళ్ళసీసా వైపు చూసింది. నేనూ చూశాను.

దేవ్లి తట్టను పక్కామెకు అప్పజెప్పి నాతో వచ్చింది. సావుకారి దుకాణం వెనకే ఇల్లు. ఆయన నన్ను సాదరంగా కూర్చోబెట్టాడు.

"తాళంచెవి దేవుని అర్రల పెట్టిన సారూ. తలుపు వెట్టిన్నాడు మీరే అంటిరి గద, అవ్వను అందరు యాది చేస్కోవాలె అని. గిప్పుడు చేస్తున్నం. రోజు కొబ్బరికాయ కొడ్తున్నం."

నేను గొంతు సవరించుకున్నాను. వ్యక్తిపూజ అన్నది చరిత్రలో... అని మొదలుపెట్టాను.

"సారూ, జర ఆగున్రి" అన్నది దేవ్లి. "తర్వాత చెప్పున్రి. నేను పొద్దుగాల్నుంచి ఆపుకున్న."

లోపలి నుంచి సావుకారమ్మ వచ్చింది. ఆమె చేతిలో తాళంచెవి ఉంది. దాని మీద కుంకుమ, ఒక బంతిరెక్క.

"ఏందే, దేవుని తాన వెట్టింది తీస్తవా? మైలైతది!"

"మైలైతె కడుగుత. కడుగుడు నాకు ఎరుకనే" అన్నది సావుకారమ్మ. "అవ్వ పోయిన వారం వంతు నాదే ఉండె. మీరు తాళమేసి దేవతను చేసిన్రు. నడువ్ దేవ్లీ."

ముగ్గురం అంగడికి నడిచాం. చాలాకాలంగా మనసులో ఉన్నది దారిలో అడిగేశాను. ఆనాడు సగం చేతికి ఇంకొకరు తొడిగితే గండమని గాజులవ్వ చెబితే నిజంగానే నమ్మారా అని.

సావుకారమ్మ నవ్వింది. "నమ్ముడేంది సారూ? మేమందరం మా ఇంట్లనే కూసోని అనుకుంటిమి గద. ఎవల ఏ చెయ్యి ఆపాలె, ఏమని చెప్పాలె, అన్ని అవ్వతోని మాట్లాడుకున్నంకనే ఏసుకున్నం. నాకు ఒంటికి పోను జాగ కావాలంటే మా ఆయన వింటడా? ఆయన పానానికి గండమంటే విన్నడు."

"మరి నాకు ఒక్కమాట చెప్పలేదేం?"

"మీరు మైకుల మాట్లాడ్తరు గద సారూ" అన్నది ఆమె మర్యాదగా.

ఆడవాళ్ళ అజ్ఞానం మీద ఇదివరకు నేను చెప్పినదంతా ఈ వ్యాసంలోనే పైన ఉంది. కొట్టివేయలేదు. చదువుకోండి.

సావుకారమ్మ జాలీకి కట్టిన గాజులు ఊడదీసి దేవ్లికి కొన్ని తొడిగింది, తను కొన్ని తొడుక్కుంది. కొబ్బరిచిప్పలు కాలితో పక్కకు నెట్టి తాళం తీసింది. దేవ్లి లోపలికి పోయింది. లోపలి నుంచి గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి, తన తట్ట దగ్గరికి పోయి, సీసా మూత తీసి గటగటా తాగింది. సావుకారమ్మ అప్పటికే బకెట్టు నింపుతోంది. దూరం నుంచి సావుకారి చెప్పులు విడిచి నిలబడి చూస్తున్నాడు.

ఇక మీ సంగతి. చదివి మెచ్చుకోకండి, చప్పట్లు నాకు చాలా ఉన్నాయి. శాలువాలు కూడా ఉన్నాయి. రేపు పొద్దున్నే మీ ఊరి నడిబజారుకు పోండి. మగవాళ్ళయితే మీ ఇంటి ఆడవాళ్ళను వెంట తీసుకుని పోండి. అక్కడ కూర్చున్న ఆమె పక్కన నీళ్ళసీసా నిండుగా ఉందేమో చూడండి. మొదట్లో నేను మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఆమెను అడగండి. చోటు లేదంటే కట్టించండి. ఈశాన్యం అంటే మోరీని చూపించండి. తాళం ఉందంటే, చెవి ఎవరి దేవుని గదిలో ఉందో కనుక్కుని తెండి. కడిగేవాళ్ళెవరని అడిగితే ఏ వాడ దిక్కూ చూడకుండా మొదటి వంతు మీరు తీసుకోండి. మధ్యలో మీకు చాలా పనులు గుర్తుకొస్తాయి.

చెయ్యి గుంజకండి.